మియెన్ పెళ్ళి ఎప్పుడయింది

మియెన్‌కి రెండుసార్లు పెళ్ళయింది. మొగుడు మాత్రం ఒక్కడే. విన్నిపెగ్‌లో మా వాళ్ళు ఆమె సంగతి ఎత్తితే ఇలాగే నవ్వుతూ మొదలుపెడతారు. కాసేపటికి ఆ నవ్వు ఎటు పోతుందో పోతుంది. చదువు ముగించి పీఆర్ కోసం, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి కోసం తంటాలు పడే మన వియత్నాం పిల్లలకు ఆమె కథను హెచ్చరికలా చెప్పడం ఇక్కడ అలవాటైపోయింది. అలా చెప్పేవాళ్ళలో సగం మందికి ఆమె మనిషిగా తెలియదు. తెలిసినవాళ్ళు అంత తేలిగ్గా చెప్పలేరు.

ఆమె ఒక డేకేర్‌లో పసిపిల్లలను చూసుకుంటుంది. మనిషి పొట్టి, నోరు పెద్దది, చెయ్యి చురుకు. చలికాలంలో గదినిండా ఉన్న పిల్లలకు ప్యాంట్ల మీద ప్యాంట్లు, బూట్లు, టోపీలు తొడిగి మంచులోకి నడిపించడం ఆమె పని. ఆఖరివాడికి తొడగడం పూర్తయ్యేసరికి మొదటివాడు ఒంటికి వస్తోందంటాడు. వాడివన్నీ విప్పుతూ మియెన్ వియత్నాం భాషలో తిడుతుంది, వాడు అదేదో పాట అనుకుని చప్పట్లు కొడతాడు. పిల్లలంటే ఆమెకు అంత ఇష్టం. సొంత పిల్లలు లేరు.

ఆమెది మెకాంగ్ పాయల మధ్య ఉన్న సా డెక్. అక్కడ సగం ఊరు పూలు పెంచి బతుకుతుంది. ఆమె చేసుకున్న లోక్ వాళ్ళూ అంతే. నీళ్ళ మీద మంచెలు కట్టి, వాటిపై చామంతి కుండీలు పేర్చి, ఆ వరసల మధ్య పడవలో తిరుగుతూ నీళ్ళు పోస్తారు. కొత్త ఏడాది టెట్ పండగ ముందు కుండీలన్నీ పట్నానికి తరలిపోతాయి. మియెన్ తల్లికి రేవు దగ్గర నూడిల్స్ కొట్టు ఉండేది. లోక్ పొద్దున్నే పడవ కట్టేసి అక్కడికొచ్చి ఒక్క గిన్నె పెట్టుకుని గంటసేపు తినేవాడు. “నూడిల్స్ నానిపోయి పాములైపోయాయి, ఇంకా తింటున్నాడు చూడు. ఎందుకు కూర్చుంటున్నాడో రేవంతటికీ తెలుసు, నీకొక్కదానికే తెలీదు” అని తల్లి ఎగతాళి చేసేది. మియెన్‌కి బాగానే తెలుసు. తెలియనట్టు ఉంటే ఇంకొంచెం సేపు కూర్చుంటాడని ఊరుకునేది.

మియెన్‌కి కెనడాలో కాలేజీ సీటూ, వీసా వచ్చాక రెండిళ్ళవాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఎర్రగుడ్డ కప్పిన పళ్ళాలలో తమలపాకులూ వక్కలూ వచ్చాయి. ఆమె వెళ్ళేలోపే పెళ్ళి కూడా చేసేద్దామనుకున్నారు. అంతలో లోక్ తండ్రి ఒక మధ్యాహ్నం కుండీలకు మందు కొడుతూ పడవలోనే కూలిపోయాడు.

ఇంట్లో పెద్ద పోతే మా వాళ్ళు మూడో ఏడు గడిచేదాకా శుభకార్యం తలపెట్టరు. అయితే ముందే కుదిరిన పెళ్ళి ఉంటే ఒక వెసులుబాటు ఉంది. శవం ఇంట్లో ఉండగానే, ఇంకా ఎవరూ తెల్ల తలగుడ్డలు కట్టకముందే, గబగబా పెళ్ళి జరిపించి ఆ తరవాత ఏడుపులు మొదలుపెట్టవచ్చు. ఆ సాయంత్రమే లోక్ మేనత్త నూడిల్స్ కొట్టుకి పరిగెత్తుకొచ్చింది.

“వదినా, పిల్లని లేవదీయండి. చీకటిపడేలోపు దణ్ణం పెట్టించేద్దాం. లేకపోతే మూడేళ్ళు ఆగాలి.”

“ఆగుదాం,” అంది మియెన్ తల్లి, గరిటె కింద పెట్టకుండానే.

“పిల్ల అంత దూరం పోతోంది కదా, ఈలోపు ఏమవుతుందో.”

“ఏమైనా కానీ. మా అమ్మాయికి ఎర్రబట్టలు కడతారా, తెల్లబట్టలు కడతారా, ముందది చెప్పండి. నాకున్నది ఒక్క కూతురు. శవపేటిక పక్కనుంచి కాపురానికి పంపను. నలుగురినీ పిలిచి, కడుపునిండా పెట్టి, మర్యాదగా పంపిస్తాను.”

తప్పేమీ అనలేదు. ఆ మాటకు లోక్ తల్లి కూడా నొచ్చుకోలేదు, తనైనా అదే అనేదాన్నంది. పెళ్ళి ఆగింది, మియెన్ ప్రయాణం ఆగలేదు.

వెళ్ళడానికి వారం ముందు లోక్ ఆమెను బండెక్కించుకుని ఊరి కార్యాలయం వైపు తిప్పాడు. పెళ్ళి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టేద్దామన్నాడు.

“ఎందుకిప్పుడు?” అంది మియెన్.

“ఊరికే. అంత దూరం పోతున్నావు. నీది ఏదో ఒకటి నా దగ్గర ఉండాలి కదా.”

“నా చెప్పులు వదిలి వెళ్తాలే.”

“చెప్పులైతే మీ అమ్మ అరిగేదాకా తొడుక్కుంటుంది. సంతకమైతే ఎవరికీ పనికిరాదు. నా దగ్గరే ఉంటుంది.”

ఆమె నవ్వి దిగింది. గుమస్తా ముద్ర వేశాడు. ఇద్దరూ బయట చెరకురసం తాగారు. లోక్ ఆమెను రేవు దగ్గర దింపి తన ఇంటికి పోయాడు, ఆమె తన ఇంటికి పోయి తల్లి పక్కన పడుకుంది. పెళ్ళయినట్టు ఆమెకు ఏ కోశానా అనిపించలేదు, ఎవరికీ అనిపించలేదు. లోక్ తల్లి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, “సూతకం తీరనివ్వండి, అప్పుడు నా కోడల్ని నేను తెచ్చుకుంటాను” అంది. అప్పటిదాకా మియెన్ ఆమెను పిన్ని అనే పిలిచింది.

విన్నిపెగ్‌లో మియెన్ పసిపిల్లల పెంపకం చదివింది. మన పిల్లలే ఆరుగురు కలిసి ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. చదువు ఆఖరి ఏడు వచ్చేసరికి ఆ ఇంట్లో పీఆర్ తప్ప వేరే మాట లేదు. ఒకడు అట్లాంటిక్ ఒడ్డున చేపలు డబ్బాలకెక్కించే ఊరికి పోతానంటాడు, అక్కడ మనుషులు దొరక్క తొందరగా ఇస్తున్నారని. ఒకతె ఫ్రెంచి వస్తే పాయింట్లు కలుస్తాయని స్నానాల గదిలో కూడా ఫ్రెంచి వల్లె వేస్తుంది. బయట నిలబడ్డవాళ్ళు తలుపు బాదుతూ మన భాషలో జవాబు చెబుతారు. అందరిలోకీ నోరుగలది గామ్. హ్యూ పట్నం నుంచి వచ్చిన పిల్ల, మియెన్‌తో ఒకే గది.

“ఇంత కష్టమెందుకే,” అనేది గామ్. “సార్జెంట్ వీధిలో పౌరసత్వం ఉన్న ముసలాణ్ణి చూసి చేసుకుంటే సరిపోదూ?”

“ముందు నువ్వు చేసుకో. నీ వెనకే నేనొస్తా.”

“నీకేంటి తల్లీ, నీకు పడవ మొగుడున్నాడు.”

“ఇంకా మొగుడు కాలేదులే. మూడేళ్ళు గడవనీ.”

ఈ మాట ఆమె అబద్ధంగా అనలేదు. రోజూ పొద్దున్నే లోక్‌తో ఫోన్‌లో మాట్లాడేది, అక్కడ అప్పటికి సాయంత్రం. అతను పడవలో ఫోన్ నిలబెట్టి నీళ్ళు పోసుకునేవాడు. నువ్వు ఎప్పుడొస్తావు, పెళ్ళికి ఎన్ని టేబుళ్ళు వేద్దాం అని అడిగేవాడు. పెళ్ళి ఎదురుగా ఉన్న సంగతిగానే ఇద్దరూ మాట్లాడుకున్నారు, వెనక జరిగిపోయిన సంగతిగా ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

చదువైపోయాక మియెన్‌కి డేకేర్‌లో ఉద్యోగం దొరికింది. చదివిన రాష్ట్రంలోనే ఉద్యోగం చేసేవాళ్ళ పేర్లను ఆ రాష్ట్రమే పీఆర్‌కి పంపే దారి ఒకటుంది. మిగిలినవాటికంటే అది దగ్గర దారి. ఆ కాగితాలు పెట్టించుకోవడానికి ఆమె సావ్ బాబాయ్ దగ్గరికి పోయింది.

సావ్ బాబాయ్ మా వాళ్ళలో పాతకాపు. పడవలో దేశం దాటి వచ్చినవాడు. సార్జెంట్ వీధిలో విమానం టికెట్లు అమ్మే కొట్టు పెట్టుకుని, వెనక గదిలో మన పిల్లల ఇమ్మిగ్రేషన్ కాగితాలు చూసేవాడు. మనిషి మంచివాడు. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకూ ముందు టీ పోసి, అన్నం తిన్నావా అని అడిగి, ఆ తరవాతే కంప్యూటర్ తెరిచేవాడు. అడగాల్సినవన్నీ మేనకోడలిని అడిగినట్టు అడిగేవాడు.

“పప్పన్నం ఎప్పుడు పెడుతున్నావమ్మా?”

మియెన్ సిగ్గుపడింది. “ఇంకా టైముంది బాబాయ్. అబ్బాయి వాళ్ళ నాన్నగారు పోయారు. సూతకం తీరాలి.”

“అయ్యో పాపం. అయితే ఇంకా పెళ్ళికాని పిల్లవేగా,” అంటూ ఆయన ఆ గడి నింపేశాడు. టీ ఇంకొంచెం పోశాడు. ఆ గదిలో ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు.

అక్కడితో ఆగి ఉంటే తప్పు బాబాయ్ మీదకు నెట్టేసి మియెన్ హాయిగా ఉండేది. అక్కడితో ఆగలేదు.

అన్నీ అయిపోయి పీఆర్ ఇవాళో రేపో అనుకుంటుండగా ఆఫీసు నుంచి ఆఖరి ప్రశ్న వచ్చింది. మీ కుటుంబంలో మాకు చెప్పని భర్త గానీ, పిల్లలు గానీ ఉన్నారా అని. ఎవరికైనా అదే ప్రశ్న వస్తుంది. గామ్ అప్పటికే పీఆర్ తెచ్చుకుని పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తోంది. ఆమె మియెన్ భుజం మీదనుంచి చదివి ఆగిపోయింది.

“నువ్వు సంతకం పెట్టావు కదే.”

“పెట్టానులే. అది పెళ్ళా?”

“మన ఊళ్ళో కాదు. ఇక్కడి వాళ్ళకి అదే పెళ్ళి. మా డాక్టరమ్మ దగ్గరకొచ్చే లాయరు ఒకాయన చెప్పాడు, ముందు చెప్పని మొగుణ్ణి తరవాత రానివ్వరట. చెప్పేసెయ్. అతనికి అక్కడ డాక్టరు పరీక్ష చేయిస్తారు, అంతే కదా.”

“ఇప్పుడు చెబితే మొత్తం వెనక్కి పోతుంది. నా వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది గామ్. అది అయిపోతే పనిలోంచి తీసేస్తారు. పని పోతే రాష్ట్రం నా పేరు వెనక్కి తీసుకుంటుంది.”

“ఏమో, నాకైతే భయంగా ఉంది.”

మియెన్‌కీ భయం వేసింది. తల్లికి ఫోన్ చేసింది. తల్లి కొట్టులో గిన్నెలు కడుగుతూ మాట్లాడింది.

“పెద్దల పటం ముందు దణ్ణం పెట్టుకోలేదు, ఊళ్ళో ఒక్కరికి అన్నం పెట్టలేదు, ఏ మొగుడే నీకు? రేపు ఆ అబ్బాయి మనసు మారిందనుకో, ఇక్కడ నువ్వు కన్నెపిల్లవి. అక్కడి కాగితాల్లో మాత్రం మొగుడు వదిలేసినదానివి అవుతావు. కాని పెళ్ళిని అయిందని రాసుకుంటే అరిష్టం కూడాను. నోరు మూసుకుని పని కానియ్యి.”

తల్లి మాట వినడం మియెన్‌కి చాలా తేలికైంది, ఎందుకంటే అది తనకు కావలసిన మాటే. లోక్‌ని అడగవచ్చు. అడిగితే చెప్పెయ్యమంటాడని తెలుసు, అతనికి దేనికీ తొందర లేదు. అందుకే అడగలేదు. లేరు అని నొక్కేసింది. ఆ తరవాత జీవితంలో ఎవరిని తిట్టుకోబోయినా మియెన్‌కి తన వేలే గుర్తొచ్చేది.

పీఆర్ వచ్చింది. సూతకమూ తీరింది. మియెన్ సా డెక్ వెళ్ళింది.

ఆ పెళ్ళి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆమె జీవితంలో పూర్తిగా సంతోషంగా ఉన్న రోజులు అవే. ఇంటి ముందు వీధికి అడ్డంగా డేరా వేశారు. తల్లి మూడేళ్ళుగా దాచుకున్న కసి అంతా వంటలో చూపించింది. బాతుమాంసం, చేపల పులుసు, కొబ్బరినీళ్ళలో ఉడికిన పంది మాంసం, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. లోక్ స్నేహితులు పాటలు పాడి డేరా గుంజ ఒకటి పడగొట్టారు. లోక్ తల్లి మియెన్‌ని చెయ్యి పట్టుకుని పెద్దల బల్ల ముందుకు తీసుకెళ్ళింది. అగరొత్తులు వెలిగించి, మొగుడి పటానికి చెప్పింది: “ఇదిగో, మీరు చూడకుండా పోయిన కోడలు. కాస్త ఆలస్యమైంది, కోప్పడకండి.” అక్కడున్న ఆడవాళ్ళందరూ ఏడ్చారు. ఆ క్షణం నుంచి మియెన్ ఆమెను అత్తమ్మా అంది. నెల రోజులు మొగుడితో పాటు పడవలో తిరిగి చామంతులకు నీళ్ళు పోసింది, ఒకసారి కాలుజారి నీళ్ళలో పడింది, లోక్ ఆమెను తియ్యకుండా ముందు కుండీని పట్టుకున్నాడని రెండు రోజులు మాట్లాడలేదు. వచ్చే టెట్ విన్నిపెగ్‌లో కలిసి చేసుకుందామనుకుని విమానం ఎక్కింది.

తిరిగొచ్చి పెళ్ళి ఫోటోలు, కాగితాలు తీసుకుని సావ్ బాబాయ్ దగ్గరికి పోయింది. ఆయన టీ పోశాడు. ఫోటోలు ఒక్కొక్కటే చూసి మెచ్చుకున్నాడు. పెళ్ళికొడుకు తాగినట్టున్నాడే అని నవ్వాడు. తరవాత పెళ్ళి సర్టిఫికెట్ తీశాడు.

“ఇదేమిటమ్మా?”

“పెళ్ళి సర్టిఫికెట్ బాబాయ్.”

“అది తెలుస్తోంది. పెళ్ళి మొన్న కదా చేసుకున్నావు. ఈ తేదీ నువ్వు ఈ దేశానికి రాకముందుది.”

“సంతకాలు అప్పుడే పెట్టేశాం. పెళ్ళి మొన్న చేసుకున్నాం.”

ఆయన కళ్ళజోడు తీసేశాడు. “నేను నిన్ను అడిగాను. ఇదే కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను.”

“పప్పన్నం ఎప్పుడు పెడతావని అడిగారు బాబాయ్.”

సావ్ బాబాయ్ కళ్ళజోడు తుడిచాడు. తను అలాగే అడిగాడని ఆయనకూ తెలుసు. వచ్చిన ప్రతివాళ్ళనూ అలాగే అడుగుతున్నాడు. ఆయన పెళ్ళీ భోజనాలతోనే అయింది, సంతకాలు పిల్లలు బడికి పోయే వేళకు గానీ పెట్టలేదు. కళ్ళజోడు తిరిగి పెట్టుకుని మెల్లిగా చెప్పాడు.

“నీకు పీఆర్ వచ్చిన రోజున ఇతను నీ భర్త. ఆ రోజు ఇతని పేరు చెప్పలేదు, పరీక్ష చేయించలేదు. అలా వదిలేసినవాళ్ళని తరవాత కుటుంబం కింద తీసుకోరు. ఎప్పటికీ తీసుకోరమ్మా.”

“తెలియక చేశామని రాస్తే?”

“రాద్దాం. ఆఖరున వాళ్ళు అడిగిన ప్రశ్నకి నువ్వేం చెప్పావు?”

మియెన్ తల వంచుకుంది. ఆయనకు అర్థమైపోయింది, మళ్ళీ అడగలేదు.

“పోనీ బాబాయ్, ఇప్పుడు విడాకులు తీసుకుని కొత్తగా మళ్ళీ సంతకాలు పెడితే?”

“ఏం లాభం? ఇకముందు వచ్చే తేదీలు ఎన్నైనా మార్చుకోవచ్చు. ఆ రోజు ఇతను నీ భర్త కాడని ఎవరు చెప్పగలరు? నీ సంతకమే ఉందాయె.”

టీ చల్లారిపోయింది. ఆయన ఆ కేసుకు ఒక్క డాలరు పుచ్చుకోలేదు. లాయరు దగ్గరికి వెంటబెట్టుకుని పోయాడు, తప్పు తనదని ఆఫీసుకు తన చేత్తో రాసిచ్చాడు. ఆ ఏడే వెనక గదికి తాళం వేసి, టికెట్లు మాత్రం అమ్ముకున్నాడు. ఆయన్ని చూస్తే మియెన్‌కి జాలి, ఆమెను చూస్తే ఆయనకు సిగ్గు. వీధిలో ఎదురుపడితే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు.

దయ తలచమని పెట్టిన అర్జీ చాలాకాలం నలిగి తిరిగొచ్చింది. చుట్టపుచూపుగా వస్తానని లోక్ వీసా అడిగాడు. అప్పుడు మాత్రం అతను భర్త అయిపోయాడు. భార్య ఇక్కడ ఉంది కాబట్టి వచ్చినవాడు తిరిగి పోడని తోసేశారు. రప్పించుకోవడానికి మొగుడు కాదు, ఆపడానికి మొగుడు. మియెన్ ఆ ఉత్తరం చదివి నవ్వింది. గామ్ ఆ నవ్వు చూసి ఆ రాత్రి తన ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయింది.

తనే తిరిగి వెళ్ళిపోవచ్చుగా అని మీరడుగుతారు. అందరూ అడిగారు. లోక్ కూడా అడిగాడు.

“వచ్చెయ్ మియెన్. ఇక్కడ నీ డేకేర్ కంటే ఎక్కువ పని ఉంది.”

“వచ్చే ఏడు చూద్దాం. పౌరసత్వం వస్తే ఇంకో దారి దొరుకుతుందేమో.”

పౌరసత్వం వచ్చింది, దారి దొరకలేదు. వచ్చే ఏడు మాత్రం ఏటా వచ్చేది. నిజం చెప్పాలంటే ఆమెకు ఇక్కడి బతుకు అలవాటైపోయింది. సొంత తాళంచెవి, సొంత జీతం, తన ఒళ్ళో నిద్రపోయే పరాయి పిల్లలు. ఇంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని వదిలి నూడిల్స్ కొట్టుకి ఎలా పోతాను అనుకునేది. ఇంకో లాయరు దగ్గరికి పోతే ఏదో తేలుతుందని కూడా అనుకునేది. సెలవు దొరికినప్పుడు మూడు వారాలు వెళ్ళి, పడవలో తిరిగి, తిరిగొచ్చేసేది. ఆ మూడు వారాల్లో మొదటి వారం ఇద్దరూ కొత్తవాళ్ళలా ఉండేవాళ్ళు, చివరి వారం ప్రయాణం గురించే మాట్లాడుకునేవాళ్ళు. మధ్య వారమే వాళ్ళ కాపురం. వచ్చెయ్యమని లోక్ అడగడం మానేశాడు. ఏ ఏడు మానేశాడో మియెన్‌కి గుర్తులేదు. అన్నిటికంటే ఆమెకు అదే ఎక్కువ బాధ. అడుగుతూనే ఉన్నాడనుకుంటూ తను ఇంకో రెండేళ్ళు ‘వచ్చే ఏడు’ అంటూనే ఉంది.

పోయిన ఏడాది వానల్లో లోక్ ఫోన్ చేశాడు. పడవలో లేడు, ఇంట్లో కూర్చుని ఉన్నాడు.

“నాకు నలభై దగ్గర పడుతోంది మియెన్. అమ్మ పెద్దదైపోయింది. నీ మీద కోపమేమీ లేదు.”

ఆమెకు మిగతాది చెప్పనక్కరలేకపోయింది. “ఎవరైనా ఉన్నారా?”

“హువే అని, కుండీలకి మట్టి కలపడానికి వస్తుంది.”

“మంచిదేనా?”

“మంచిదే. నీలా వాగదు.”

“అయితే నీ చెవులకి విశ్రాంతి.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె సరే అంది.  ఉండు, నేను వస్తున్నాను అనాలని నాలుక చివరిదాకా వచ్చింది, పదేళ్ళ ఆలస్యానికి ఆ మాట చెల్లదని ఊరుకుంది.

కాగితాలు ఇటునుంచి అటు వెళ్ళాయి. సంతకంతో అయిన పెళ్ళి సంతకంతో పోయింది. భోజనాలతో అయిన పెళ్ళిని తీసెయ్యడానికి మాత్రం మా వాళ్ళలో పద్ధతేదీ లేదు. ఊళ్ళో ఎవరూ మియెన్‌ని మాజీ కోడలు అనలేదు. అలాంటి మాటే అక్కడ లేదు.

ఈ మధ్య మావగారి తద్దినం వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు అత్తమ్మ ఫోన్‌ని పెద్దల బల్ల మీద పటానికి ఎదురుగా నిలబెట్టేది, మియెన్ ఇక్కడ తన గదిలో నిలబడి దణ్ణం పెట్టుకునేది. ఈసారి ఫోన్ రాదనుకుంది. డేకేర్ నుంచి వచ్చి వంట మొదలుపెట్టిందో లేదో, ఫోన్ మోగింది.

“ఎక్కడున్నావే? పళ్ళేలు పెట్టేశాం. మీ మావగారు చూస్తున్నారు, త్వరగా నిలబడు.”

“అత్తమ్మా, ఇంక నేనెందుకు. హువే ఉందిగా, ఆమెను నిలబడమనండి.”

“అదెవరే?” అంది ముసలామె. గొంతు తగ్గించాలన్న ఆలోచన కూడా లేదు. “వాడూ అదీ కలిసి ఆఫీసుకు పోయి సంతకాలు పెట్టుకొచ్చారు. రెండో పెళ్ళికి విందెందుకన్నారు. ఒక్క టేబుల్ వెయ్యలేదు, ఒక్కరిని పిలవలేదు, మీ మావగారికి ఒక మాట చెప్పలేదు. సంతకం పెడితే కోడలైపోతుందా? నా కోడలివి నువ్వు. ఊరంతా తిని వెళ్ళారు.”

అవతల వంటగదిలోంచి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. హువే అయి ఉంటుంది. ఆ మాటలన్నీ వింటూనే సర్దుతోంది.

మియెన్ పొయ్యి కట్టేసింది. ముసలామె అడిగిన దాంట్లో ఆమెకు కొత్తేమీ లేదు. ఒకప్పుడు అమ్మ అన్నదీ అదే, తను నమ్మిందీ అదే. సరే అత్తమ్మా అంటే చాలు, ఇంకో ఏడు ఆ ఇంటి కోడలిగా ఉండవచ్చు. మావగారి పటం చిన్న తెర మీద ఆమెవైపే చూస్తోంది. ఉండాలని ఆమెకు చాలా ఉంది. ఇన్నేళ్ళ తరవాత ఆమెకు మిగిలింది ఆ ఒక్క పిలుపే.

“అయిపోతుంది అత్తమ్మా,” అంది. “సంతకం పెట్టిన రోజే పెళ్ళయిపోతుంది. ఆ రోజునుంచే ఆమె మీ కోడలు. నా మాట నమ్మండి, ఈ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయిని పిలిచి మావగారికి చూపించండి.”

“మరి నువ్వెవరివే?”

మియెన్ పటంవైపు చూసింది. “నేను మీ ఊరి పిల్లని,” అంది.

ముసలామె తెర ముందునుంచి ముఖం తిప్పుకుంది. ఏడుస్తోందేమో, అగరొత్తుల పొగకు దగ్గుతోందేమో తెలియలేదు. తరవాత ఫోన్‌ని బల్ల మీద అలాగే వదిలేసి, వంటగదివైపు తిరిగింది.

“కోడలా,” అని పిలిచింది. “చేతులు తుడుచుకుని ఇలా రా.”

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. ఆ పిలుపుకున్న అలవాటు కొద్దీ ఇక్కడ మియెన్ నోటివెంట “వస్తున్నా అత్తమ్మా” అన్న మాట వచ్చేసింది. అవతల ఎవరూ వినలేదు.